డెక్కన్ ఎయిర్‌వేస్ ప్రేమ్ మాథుర్

మన బడిలో చదివిన వాళ్లకు పంద్రాగస్టు ముందు జరిగే జనరల్ నాలెడ్జ్ పోటీలు గుర్తుండే ఉంటాయి. రెండు బెంచీలు ఎదురెదురుగా వేసి, ఇటు నలుగురిని, అటు నలుగురిని కూర్చోబెట్టి సార్లు ప్రశ్నలు అడిగేవారు. దాదాపు ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న ఒకటి ఉండేది. విమానం నడపడాన్ని ఉద్యోగంగా చేసిన మొదటి భారతీయ మహిళ ఎవరు? జవాబు ప్రేమ్ మాథుర్. ఆ పేరు పక్కనే మా నోటు పుస్తకాల్లో డెక్కన్ ఎయిర్‌వేస్ అని ఇంకో రెండు మాటలు ఉండేవి. వాటి గురించి సార్లు అడగలేదు, మేమూ పట్టించుకోలేదు. హన్మకొండ బస్సులో సీటు దొరకడమే గగనమైన ఏటూరునాగారంలో విమానాల సంగతి ఎవరికి కావాలి? మనకు తెలిసిన విమానం అంటే గోదావరి మీదుగా ఎక్కడో పైన పోయే తెల్లటి గీత. వరదలప్పుడు వచ్చే హెలికాప్టరును చూడటానికి మాత్రం ఊరు ఊరంతా కరకట్ట మీదికి పరుగెత్తేది.

తరువాత నేను కూడా ఉపాధ్యాయురాలినై, అదే ప్రశ్నను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలను అడిగాను. ఆ రెండు మాటల వెనక ఉన్న కథ మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. డెక్కన్ ఎయిర్‌వేస్ ఎక్కడో బొంబాయిదో ఢిల్లీదో కాదు. మన హైదరాబాద్ సంస్థానపు విమాన కంపెనీ. బేగంపేట దాని పుట్టిల్లు. దేశంలో ఎవరూ ఉద్యోగం ఇవ్వని మహిళకు తలుపు తీసింది మన గడ్డ మీద పుట్టిన కంపెనీయే. అయితే కథ అక్కడితో అయిపోలేదు. మిగిలిన సగం ఏ జీకే పుస్తకంలోనూ లేదు. అందుకే స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ఆమే గుర్తుకు వచ్చింది.

ప్రేమ్ మాథుర్ 1910లో పుట్టారు. రైట్ సోదరులు అమెరికాలో మొదటిసారి ఎగిరి అప్పటికి ఏడేళ్లే అయింది. మన దేశంలో విమానాన్ని కళ్లతో చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆమె ఎగరడం నేర్చుకున్న అలహాబాద్ నగరానికి మాత్రం విమానాల చరిత్రలో గొప్ప స్థానమే ఉంది. 1911 ఫిబ్రవరి 18న అక్కడ హెన్రీ పెకే అనే ఫ్రెంచి పైలట్ సుమారు ఆరున్నర వేల ఉత్తరాలను చిన్న విమానంలో పెట్టుకుని, యమున దాటి నైనీలో దింపాడు. విమానంలో అధికారికంగా తపాలా పోవడం ప్రపంచంలో అదే మొదటిసారి. అలాంటి ఊళ్లోని ఫ్లయింగ్ క్లబ్‌లో ఆమె విమానం నడపడం నేర్చుకున్నారు.

ఆమె కంటే ముందు మన దేశంలో స్త్రీలు విమానం నడపలేదని కాదు. 1936లో సరళా ఠక్రాల్ అనే ఇరవై ఒక్కేళ్ల యువతి లాహోర్‌లో చీర కట్టుకుని ఒంటరిగా జిప్సీ మాత్ విమానం నడిపి, వెయ్యి గంటలు ఎగిరిన అనుభవం సంపాదించింది. ఉద్యోగానికి కావలసిన లైసెన్సు కోసం శిక్షణ పొందాలనుకుంది. 1939లో పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో పోయాడు. అదే సమయంలో యుద్ధం రావడంతో ఫ్లయింగ్ క్లబ్బులు మూతపడ్డాయి. ఆమె ఆ దారి వదిలి చిత్రలేఖనం వైపు వెళ్లింది. సరదాకు ఎగరడం వేరు, జీతానికి ఎగరడం వేరు. సరళ ఆగిపోయిన చోటి నుంచి ముందుకు పోయిన మనిషి ప్రేమ్ మాథుర్.

జీతానికి విమానం నడపాలంటే వాణిజ్య పైలట్ లైసెన్సు కావాలి. దానికి విమానం లేపడం, దింపడం వస్తే చాలదు. దారి కనుక్కోవడం, వాతావరణం చదవడం, ఇంజను పనితీరు, రాత్రిపూట ఎగరడం అన్నీ నేర్చుకోవాలి. వైద్య పరీక్ష నెగ్గాలి. ఎగిరిన ప్రతి గంటా లాగ్‌బుక్కులో ఎక్కాలి. ప్రేమ్ మాథుర్ 1947లో ఆ లైసెన్సు సంపాదించారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది అది. ఆమెకు అప్పటికి ముప్పై ఏడేళ్లు. ఆ రోజుల్లో ఆ వయసు ఆడవాళ్లు కూతుళ్ల పెళ్లిళ్ల గురించి ఆలోచించేవారు. ఆమె ఉద్యోగానికి దరఖాస్తులు రాయడం మొదలుపెట్టారు.

కంపెనీలకు కరువు లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే అమెరికా సైన్యం వాడిన డకోటా విమానాలు మన దేశంలో చవకగా అమ్మకానికి వచ్చాయి. డబ్బున్నవాళ్లు వాటిని కొని కంపెనీలు పెట్టారు. ఎయిర్ ఇండియా, ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్, ఎయిర్ సర్వీసెస్ ఆఫ్ ఇండియా, భారత్ ఎయిర్‌వేస్, అంబికా, జూపిటర్, ఒడిశాలో బిజూ పట్నాయక్ పెట్టిన కళింగ, ఇలా చాలా పేర్లు వినబడేవి. ఇవాళ వీటిలో ఎక్కువ పేర్లు పాత టికెట్లు, టైంటేబుళ్లు దాచుకునేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియవు.

విమానాలు చవకగా దొరికినట్టే పైలట్లు కూడా దొరికారు. యుద్ధంలో పనిచేసి వచ్చిన యువకులు ఎందరో ఖాళీగా ఉన్నారు. అలాంటప్పుడు ఒక మహిళను తీసుకోవలసిన అవసరం కంపెనీలకు ఏముంది? విమానం నడిపేది ఆడమనిషి అని తెలిస్తే ప్రయాణికులు భయపడి ఎక్కరన్నది వాళ్లు చెప్పిన కారణం. ఎనిమిది కంపెనీలు ఆమెను వద్దన్నాయి. మగవాళ్లు రాసిన పరీక్షలే ఆమె రాశారు, మగవాళ్లు పొందిన లైసెన్సే ఆమె చేతిలో ఉంది. అయినా ఎనిమిది చోట్ల తలుపు మూసుకుంది. తొమ్మిదో తలుపు హైదరాబాద్‌లో తెరుచుకుంది.

ఇక్కడ డెక్కన్ ఎయిర్‌వేస్ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. నిజాం కాలంలో రైళ్లు, బస్సులు రెండూ నిజాం స్టేట్ రైల్వే చేతిలోనే ఉండేవి. మన పెద్దలు ఎక్కిన తొలి బస్సులు ఆ రైల్వే వాళ్ల రోడ్డు విభాగానివే. రైలు, బస్సు తరువాత సంస్థానం విమానాల మీద దృష్టి పెట్టింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. బేగంపేట నుంచి మద్రాసు, బెంగళూరు, నాగపూర్ మీదుగా ఢిల్లీ, ఇలా దాని డకోటాలు తిరిగేవి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి సంస్థానం భారతదేశంలో కలిసింది. రాజ్యం మారినా కంపెనీ పేరు మారలేదు, విమానాలు ఎగురుతూనే ఉన్నాయి.

రాత్రిపూట తపాలా మోసిన కంపెనీల్లో కూడా ఇది ఒకటి. 1949 జనవరి చివర్లో మొదలైన ఆ ఏర్పాటు చాలా చక్కనిది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి నాలుగు విమానాలు రాత్రి బయలుదేరి నడిరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. అక్కడ సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు చేరేవారు. సాయంత్రం మద్రాసులో డబ్బాలో వేసిన ఉత్తరం మర్నాడు ఢిల్లీలో ఉండేది. ఆ పనిని కొంతకాలం డెక్కన్ ఎయిర్‌వేస్ చేసింది.

అలాంటి కంపెనీలో ప్రేమ్ మాథుర్ కో-పైలట్‌గా చేరారు. ఆ మాట ఎంత ముఖ్యమో నాకు తెలిసింది కూడా ఇప్పుడు లేని ఇంకో విమాన కంపెనీలోనే. దాని పేరు వాయుదూత్. చిన్న ఊళ్లను కలపడానికి కేంద్ర ప్రభుత్వం 1981లో పెట్టింది. 1980ల చివర్లో మా వారు రాజమండ్రిలో ఉద్యోగం చేస్తుండగా, మా మామగారికి ప్రాణం మీదికి వచ్చిందని హైదరాబాద్ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఎవరో దయతలచి రెండు టికెట్లు ఇప్పించారు. పంతొమ్మిది మంది పట్టే డోర్నియర్ విమానం. మన ఆర్టీసీ బస్సు కంటే చిన్నది. నేను ముందు వరుసలో కూర్చున్నాను. పైలట్లకూ మాకూ మధ్య అడ్డమేమీ లేదు. విమానం లేవగానే గోదావరి, దాని మీద వంతెనలు, లంకలు కనిపించాయి. ఏటూరునాగారం దగ్గర నేను కాళ్లు కడుక్కున్న నీళ్లే కదా ఇవీ అనుకున్నాను. ఎదురుగా ఇద్దరు పైలట్లు, ఇద్దరి ముందూ ఒకే రకం చక్రాలు, ఒకే రకం మీటలు. ఇద్దరూ నడపగలిగినప్పుడు వీళ్లలో పెద్ద ఎవరని మా వారిని అడిగాను. ఎడమవైపు కూర్చున్నది కెప్టెన్, కుడివైపు కూర్చున్నది కో-పైలట్ అని ఆయన చెప్పారు. విమానం లేవాలా వద్దా, దారి మార్చాలా, వెనక్కి తిరగాలా అన్న మాట ఎడమ సీటుదేనట. అంటే చెయ్యి ఇద్దరిదీ, నిర్ణయం ఒకరిది. మామగారు బతికి బట్టకట్టారు. ఆ కంపెనీ 1990లలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ రెండు సీట్ల సంగతి మాత్రం నాకు గుర్తుండిపోయింది.

ప్రేమ్ మాథుర్ కుడి సీటులో కూర్చున్నారు. డకోటా నడపడం సుకుమారమైన పని కాదు. దానికి తోక కింద చిన్న చక్రం ఉంటుంది. అందువల్ల నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి లేచి ఉంటుంది. ప్రయాణికులు వెనక తలుపు నుంచి ఎక్కి, గుట్ట ఎక్కినట్టు ముందుకు నడవాలి. పైలట్‌కు నేల మీద ఎదురుగా ఉన్న దారి సరిగా కనబడదు. రెక్కకొకటి చొప్పున రెండు ఇంజన్లు, ఒక్కొక్కటి సుమారు 1,200 గుర్రాల బలం. లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి ఇప్పటి విమానాల్లా ఎత్తుగా పోలేదు. మబ్బుల మీదుగా పోకుండా మబ్బుల్లోంచి పోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం దక్కను పీఠభూమి మీద వేడిగాలి పైకి తన్నుతుంటే విమానం మట్టిబాటలో బండిలాగా ఎగిరెగిరి పడేది. ఇప్పటిలా కంప్యూటర్లు లేవు. నదులు, రైలు పట్టాలు, కొండలు, రేడియో, గడియారం, దిక్సూచి, ఇవే దారి చూపాలి. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే విమానం మనకు ఎగువన గోదావరిని దాటాల్సిందే. ఆ దారిన పోయే పైలట్లకు మన నది ఒక గుర్తు.

ఆ పనిలో ఆమె ఎవరికీ తీసిపోలేదు. 1949లో జాతీయ విమాన పందెంలో పాల్గొని గెలిచారు. ఆడవాళ్లకు వేరుగా పెట్టిన పోటీ కాదది. ఆమె నడిపిన విమానాల్లో ఎక్కిన ప్రముఖుల్లో ఇందిరా గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి, లేడీ మౌంట్‌బాటన్ ఉన్నారు. అప్పటికి ఇందిర ప్రధాని కూతురు మాత్రమే. ఈ దేశాన్ని స్త్రీ ఏలుతుందని ఎవరూ ఊహించని రోజులు. ప్రయాణికులు భయపడి ఎక్కరని ఎనిమిది కంపెనీలు చెప్పిన కారణం నిలవలేదు. జనం ఎక్కారు, దిగారు, క్షేమంగా ఇళ్లకు పోయారు.

కథ ఇక్కడ ఆగితే జీకే పుస్తకానికి చాలు. ఆమె ఇక్కడ ఆగలేదు. కో-పైలట్‌గా కొన్నాళ్లు పనిచేసిన వాళ్లు తగినన్ని గంటలు ఎగిరాక కెప్టెన్ అవుతారు. అది ఆ ఉద్యోగంలో సహజంగా వచ్చే మెట్టు. ఆమె ఆ గంటలు పూర్తిచేశారు. ఎడమ సీటు ఇవ్వమని అడిగారు. కంపెనీ ఇవ్వలేదు. పని చేతకాలేదని కాదు. కుడివైపు కూర్చుని విమానం నడపడానికి పనికొచ్చిన మనిషి, ఎడమవైపు కూర్చుని నిర్ణయం తీసుకోవడానికి పనికిరాలేదు. తలుపు తీసిన చెయ్యే లోపల ఇంకో తలుపు దగ్గర అడ్డం నిలబడింది.

నేను ఈ సంగతి తెలుసుకున్నప్పుడు మొదట మనవాళ్ల మీద కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే ఇంకోటి తోచింది. మిగతా ఎనిమిది కంపెనీలు ఆ మాత్రం కూడా చేయలేదు. డెక్కన్ ఎయిర్‌వేస్ చేసిన మంచిని కాదనలేం. కానీ సగం మంచి చేసినవాళ్లు మిగతా సగం గురించి మాట్లాడటానికి ఇష్టపడరు. చేర్చుకున్నాం కదా, ఇంకేం కావాలి అన్నది వాళ్ల ధోరణి. ఆమెకు కావలసింది మెహర్బానీ కాదు, తాను కష్టపడి సంపాదించుకున్న మెట్టు.

ఆమె అలిగి ఇంట్లో కూర్చోలేదు. డెక్కన్ ఎయిర్‌వేస్ వదిలి ఢిల్లీ వెళ్లారు. పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా సొంత విమానానికి పైలట్‌గా చేరారు. టికెట్ కొనుక్కున్న ప్రయాణికులు భయపడతారని కంపెనీలు అన్నాయి. దేశంలోనే పెద్ద ధనవంతుల్లో ఒకరైన ఆ మనిషి తన ప్రాణాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఇంతకంటే వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆమె 1992లో కన్నుమూశారు.

ఆమెకు ఎడమ సీటు ఇవ్వని కంపెనీ ఆమె కంటే చాలా ముందే కనుమరుగైంది. దేశంలో విమాన కంపెనీలు అవసరానికి మించి పెరిగి, నష్టాలు మూటగట్టుకున్నాయి. ఆ పరిస్థితిపై 1950లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన విచారణ సంఘం పరిశీలన జరిపింది. చివరికి పార్లమెంటు చట్టం చేసి విమాన సర్వీసులను జాతీయం చేసింది. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. వాటిలో డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. తరువాత ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. బేగంపేటకు మామూలు ప్రయాణికుల విమానాలు రావడం 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరవడంతో ఆగిపోయింది. కంపెనీ లేదు, దాని డకోటాలు లేవు. ఆమె పేరు మాత్రం క్విజ్ పోటీల్లో మిగిలింది.

ఆమె అడిగిన ఎడమ సీటు తరువాతి వాళ్లకు దక్కింది. దుర్బా బెనర్జీ 1966లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి ఫోకర్ విమానానికి కెప్టెన్ అయ్యారు. 1985లో కలకత్తా నుంచి సిల్చార్ వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఎడమ సీటులో సౌదామినీ దేశ్‌ముఖ్, కుడి సీటులో నివేదితా భసీన్ కూర్చున్నారు. రెండు సీట్లలోనూ స్త్రీలే. ఇవాళ మొత్తం పైలట్లలో మహిళల వాటా ప్రపంచ సగటు కంటే మన దేశంలోనే ఎక్కువ. ఈ లెక్క చెప్పి మనం గర్వపడతాం. గర్వపడాలి కూడా. అయితే ఆ దారి ఒక మహిళ కుడి సీటులో కూర్చుని, ఎడమ సీటు అడిగి, కాదనిపించుకున్న చోట మొదలైందని కూడా చెప్పాలి.

ఇంత దూరం ఆమె కథ చెప్పి నా కథ దాచుకోవడం న్యాయం కాదు. నేను పనిచేసిన బడుల్లో ప్రతి జూన్‌లో క్లాస్ లీడర్‌ను పెట్టేదాన్ని. లీడర్ మగపిల్లవాడు, అసిస్టెంట్ లీడర్ ఆడపిల్ల. ఇది ఎవరూ రాసిన నియమం కాదు. నేను చదువుకునేటప్పుడు చూశాను, పంతులమ్మనయ్యాక అదే చేశాను. ఆడపిల్లలకు కూడా అవకాశం ఇస్తున్నానని పైగా మురిసిపోయేదాన్ని. హాజరు పట్టీ తేవడం, సుద్దముక్కలు తేవడం, బోర్డు తుడవడం, అల్లరి చేసేవాళ్ల పేర్లు రాయడం అసిస్టెంటు పని. ఆ పేర్లు నాకు చెప్పడం లీడరు పని. ఒక ఏడాది ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, టీచర్, అసిస్టెంట్ లీడర్ ఎన్నేళ్లు చేస్తే లీడర్ అవుతారు అని అడిగింది. ఆరో తరగతి నుంచి మూడేళ్లుగా తను అసిస్టెంటే. నేను నవ్వి, వెళ్లి కూర్చోమన్నాను. ఆ పిల్ల వెళ్లి కూర్చుంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజుకు నాకు ప్రేమ్ మాథుర్ పేరు తెలుసు. ఆ వారంలోనే ఆమె గురించి క్విజ్‌లో అడిగి ఉంటాను కూడా. ఆమె అడిగిన ప్రశ్నే ఆ పిల్ల నన్ను అడిగిందని మాత్రం తెలియలేదు. తెలిసేనాటికి ఆ పిల్ల ఏ ఊళ్లో ఉందో, నేను రిటైరయ్యాను. ఆమె ఈ సంచిక చదివితే, ఆనాడు నేను ఇవ్వని జవాబు ఇది: నువ్వు అప్పటికే లీడర్‌గా పనికొస్తావమ్మా, తప్పు నాదే.

మన సంఘం స్వర్ణోత్సవానికి నేను కోరేది పెద్దదేమీ కాదు. ఈ జూన్ నుంచి మన బడిలో ప్రతి తరగతిలోనూ ఒక ఏడు లీడర్‌గా ఆడపిల్ల ఉంటే, మరుసటి ఏడు మగపిల్లవాడు ఉండేలా ప్రధానోపాధ్యాయులతో మాట్లాడదాం. పంద్రాగస్టు క్విజ్‌లో ఆ పాత ప్రశ్న తప్పకుండా అడగండి. జవాబు చెప్పిన పిల్లలకు బహుమతి ఇచ్చేముందు ఆ పక్కన ఉన్న రెండు మాటలు కూడా అడగండి. డెక్కన్ ఎయిర్‌వేస్ ఎక్కడిది, ఆమె ఏ సీటులో కూర్చుంది, ఏ సీటు అడిగింది అని అడగండి. పిల్లలకు తెలియకపోతే మీరే చెప్పండి. చెప్పడానికి పది నిమిషాలు చాలు.

— మన బడి పూర్వ విద్యార్థిని, విశ్రాంత ఉపాధ్యాయురాలు